నోటికీ ముక్కుకీ మధ్య గోడ

ఆవిడ నా ఎదుట కుర్చీలో కూచుని మొట్టమొదట అన్న మాట "మామూ". నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద మనిషి నన్ను మామా అనడమేమిటని నేను తికమకపడుతుంటే, పక్కనున్న కోడలు నవ్వాపుకుంటూ "బాబూ అంటోందండీ, మిమ్మల్నే" అంది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె వాళ్లది. పై దవడలో కుడి సగం, దాంతోపాటు అంగిలి సగం తీసేసి అప్పటికి పదకొండు రోజులు. మంచినీళ్లిస్తే రెండు గుక్కలు తాగి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సగం నీళ్లు గొంతులోకి వెళ్లాయి, సగం ముక్కులోంచి వచ్చాయి.

ఈ అధ్యాయం అలాంటి వాళ్ల కోసం, వాళ్ల పక్కన కూచుని నవ్వాపుకునే కోడళ్ల కోసం, కొడుకుల కోసం. పై దవడకీ అంగిలికీ ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పి, ఇంకా తేదీ ఖాయం కాని వాళ్లు చదివితే మరీ మంచిది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాలు ఓసారి గుర్తు తెచ్చుకోండి. ప ఫ బ భ మ. అయిదింటికీ పెదవులు చేసే పని ఒకటే, మూసుకుని తెరుచుకోవడం. మొదటి నాలుగింటికీ గాలిని నోట్లోనే బిగబట్టి వదలాలి. అయిదోదానికి మాత్రం ముక్కులోంచి పోనివ్వాలి. త థ ద ధ న కూడా అంతే. మనవాళ్లు ఆ అయిదో అక్షరాలకి అనునాసికాలని ఊరికే పేరు పెట్టలేదు. గాలిని బిగబట్టాలంటే నోటికీ ముక్కుకీ మధ్య గోడ ఉండాలి. ఆ గోడే అంగిలి. ముందు భాగం ఎముక, వెనక భాగం మెత్తటి కండ, చివర కొండనాలుక. గోడకి కన్నం పడితే గాలి నోట్లో నిలవదు, ప్రతి వర్గమూ జారి జారి తన అయిదో అక్షరం మీద పడుతుంది. బ మ అవుతుంది, ద న అవుతుంది. బాబు మాము అవుతాడు. అమ్మా నాన్నా మాత్రం చెక్కుచెదరకుండా పలుకుతారు. మనిషికి మతి చెడిందనో, పక్షవాతం వచ్చిందనో చుట్టాలు గుసగుసలాడుకుంటారు గానీ, ఇది మెదడుకి సంబంధించింది కాదు. గోడకి కన్నం పడింది, అంతే. కన్నం మూస్తే మాట తిరిగి వస్తుంది.

మూయడానికి దారులు రెండు. ఒకటి, తీసి పెట్టుకునే ప్లేటు. కట్టుడు పళ్ల సెట్టులాంటిదే, కాకపోతే దానికి పైన కన్నంలోకి దూరే ఉబ్బు ఉంటుంది. మా పంటి డాక్టర్ల భాషలో దాన్ని అబ్ట్యురేటర్ అంటారు. పేషంట్లందరూ ప్లేటనే అంటారు, నేనూ అదే అంటాను. రెండోది, ఒంట్లో ఇంకోచోటి నుంచి కండో ఎముకో తెచ్చి కన్నాన్ని శాశ్వతంగా కప్పేయడం. ఏది ఎవరికన్నది తర్వాత చూద్దాం.

ముందు, ఈ కన్నం ఎలా పడుతుందో రెండు మాటలు. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టని తిరగేసి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు తరాల నుంచి ఉంది. ఆడవాళ్లలో మరీ ఎక్కువ. అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదని వాళ్లు చెప్పే కారణం. ఆ సెగ సూటిగా తగిలేది అంగిలికి. మిగతా చోట్ల నోటి క్యాన్సరంటే ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తుంది. ఈ అలవాటున్న చోట అంగిలికి పడుతుంది. నా పెద్దావిడదీ అదే కథ. పన్నెండో ఏట వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందట.

రెండో గుంపు 2021 వేసవిలో వచ్చింది. కోవిడ్ రెండో విడతలో షుగరు అదుపు తప్పిన వాళ్లకి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడిన వాళ్లకి బ్లాక్ ఫంగస్ సోకింది. అది ముక్కులోంచి సైనసుల్లోకి పాకి రక్తనాళాల్ని మూసేస్తుంది. రక్తం అందని ఎముక చచ్చిపోతుంది. చాలామందికి మొదట తెలిసింది పై పళ్లు కదలడంతోనే. తెలంగాణ ప్రభుత్వం ఆ మే నెలలోనే దాన్ని తప్పనిసరిగా నమోదు చెయ్యాల్సిన జబ్బుగా ప్రకటించి, హైదరాబాదు కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని వైద్యానికి కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ప్రాణం దక్కడమే గొప్పనుకుంటున్న ఆ రోజుల్లో, దవడ పోయాక అన్నం ఎలా తింటారన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు. తోచే తీరికా లేదు. నలభై ఏళ్లు కూడా నిండని వాళ్లు నెలల తర్వాత మా దగ్గరికి మూతికి మాస్కుతో వచ్చేవాళ్లు. కోవిడ్ పోయినా వాళ్ల మాస్కు పోలేదు.

ఇప్పుడు అసలు మాట. దవడ ఆపరేషనుకి ఒప్పుకున్నాక, బల్ల ఎక్కకముందు ఒక్కసారి కట్టుడు పళ్ల స్పెషలిస్టుని కలవండి. ప్రోస్తోడాంటిస్టు అని బోర్డు మీద రాసి ఉంటుంది. పంటి డాక్టర్లందరూ ఈ పని చెయ్యరు. డెంటల్ కాలేజీల్లో ఈ విభాగం విడిగా ఉంటుంది. ఈ పుస్తకం మొత్తంలో ఒక్క సలహా గుర్తుపెట్టుకోమంటే ఇదే చెబుతాను.

ముందే ఎందుకంటే, అప్పటికి మీ అంగిలి చెక్కుచెదరకుండా ఉంటుంది. మెత్తటి ముద్ద నోట్లో పెట్టి దాని అచ్చు తీసుకుంటాం, ప్లాస్టరుతో నమూనా పోస్తాం. సర్జను వచ్చి ఎక్కడి దాకా కోస్తాడో ఆ నమూనా మీద పెన్సిలుతో గీస్తాడు. ఆ గీత ప్రకారం ప్లేటు తయారుచేసి ఆపరేషన్ థియేటరుకి పంపిస్తాం. ఎముక తీసేశాక, కుట్లు పూర్తయ్యే వేళకి ఆ ప్లేటుని మిగిలిన పళ్లకి తీగతో కట్టేస్తారు, లేదా మరతో బిగిస్తారు. మత్తు వదిలి కళ్లు తెరిచే సరికి నోట్లో గోడ ఉంటుంది. అదే రోజో మర్నాడో గుక్కెడు నీళ్లు ముక్కులోకి రాకుండా మింగుతారు, కొడుకుని పేరు పెట్టి పిలుస్తారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసే రోజులు తగ్గుతాయి. నాలుకతో తడుముకుంటే పెద్ద గొయ్యి తగలదు. ఇది చిన్న విషయం కాదు. ఆ గొయ్యి నాలుకకి తగిలిన మొదటి క్షణాన్ని మా పేషంట్లు ఏళ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు.

ఆ ఒక్క సందర్శనలో ఇంకో పని కూడా జరుగుతుంది. ఏ పళ్లు ఉంచాలి, ఏవి తియ్యాలి అన్నది తేలుతుంది. రేపు ప్లేటు నిలబడేది మిగిలిన పళ్ల ఆసరాతోనే. పుచ్చిన పన్నే కదా పీకేద్దామనుకునేది మామూలు రోజుల్లో. ఇప్పుడు ప్రతి పన్నూ ఒక రాట. కంచెకి చివరి రాటని తలుచుకోండి. దాని చుట్టూ మట్టి నాలుగు వైపులా ఉంటేనే నిలుస్తుంది. ఒకవైపు మట్టి తవ్వేస్తే నెల తిరక్కుండానే వాలిపోతుంది. దవడ కోసేటప్పుడు గీత సరిగ్గా చివరి పన్నుని ఒరుసుకుంటూ పోతే, ఆ పంటికి ఆ వైపు ఎముక ఉండదు. దాని పక్క పన్ను పీకి, ఆ పీకిన గుంట మధ్యలోంచి కోస్తే ఉంచిన పంటికి ఎముక గోడ మిగులుతుంది. కొద్ది మిల్లీమీటర్ల తేడా, పదేళ్ల ప్లేటు దాని మీద ఆధారపడి ఉంటుంది. తొడ మీది పల్చటి చర్మాన్ని తెచ్చి కన్నం లోపల బుగ్గ వైపు అతికిస్తే, అది మానేటప్పుడు చుట్టూ ఒక పట్టీలాగా బిగుస్తుంది. సీసా మెడ దగ్గర నొక్కు మూతని పట్టుకున్నట్టు ఆ పట్టీ ప్లేటుని పట్టుకుంటుంది. క్యాన్సరు అనుమతించినంత మేరకే ఇవన్నీ. సర్జను ముందున్న మొదటి పని జబ్బుని పూర్తిగా తియ్యడం, అందులో రాజీ లేదు. కానీ సర్జనూ నేనూ ముందే ఒక టేబులు దగ్గర కూచుంటే, జబ్బుకి లాభం లేని నష్టాలు పేషంటుకి తప్పుతాయి.

నా పెద్దావిడకి ఇదేమీ జరగలేదు. పేరున్న ఆసుపత్రిలోనే ఆపరేషనయింది, క్యాన్సరు శుభ్రంగా తీశారు, కుట్లు అందంగా వేశారు. పళ్ల డాక్టరు సంగతి డిశ్చార్జి కాగితం మీద ఆఖరి వరసలో ఉంది. అందుకే ఆ పదకొండు రోజులు.

ప్లేటు పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నేను పేషంట్లకి అమెరికా అధ్యక్షుడి కథ చెబుతుంటాను. గ్రోవర్ క్లీవ్‌లండ్. 1893 జూలై 1న న్యూయార్క్ దగ్గర ఒనైడా అనే విహార నౌక మీద, దేశానికి తెలియకుండా ఆయన పై దవడలో ఎడమ భాగం తీసేశారు. దేశం ఆర్థిక సంక్షోభంలో ఉంది, అధ్యక్షుడికి క్యాన్సరంటే మార్కెట్లు కూలిపోతాయని భయం. కోత మొత్తం నోట్లోంచే, బయట గాటు లేదు, మీసం మీద వెంట్రుక కదల్లేదు. న్యూయార్కు దంతవైద్యుడు కాసన్ గిబ్సన్ గట్టి రబ్బరుతో ప్లేటు చేసి అమర్చాడు. అది లేకుండా ఆయన మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెట్టుకుంటే ఎప్పటి గొంతే. ఆగస్టు నెలాఖరులో ఒక పత్రికా విలేఖరి గుట్టు రట్టు చేస్తే, జనం ఆ విలేఖరినే అబద్ధాలకోరన్నారు. అధ్యక్షుడు అంత బాగా మాట్లాడుతున్నాడు మరి! ఆపరేషన్లో ఉన్న డాక్టర్లలో ఒకరైన విలియం కీన్ 1917లో రాసేదాకా లోకం నమ్మలేదు. క్లీవ్‌లండ్ 1908 దాకా బతికాడు. రబ్బరు ముక్కతో 130 ఏళ్ల కిందట అయిన పని ఈనాడు మన ఊళ్లో ఎందుకు కాదని అడిగితే, పేషంటు ముఖంలో వెలుగు వస్తుంది. క్లీవ్‌లండ్ దాచిపెట్టిన తీరు మాత్రం నాకు నచ్చదు. మన వాళ్లకి దాచడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటి ప్లేటు వారం పది రోజులు ఉంటుంది. దాన్ని తీసి, లోపల నింపిన గుడ్డ తీసి, రెండో ప్లేటు ఇస్తాం. పుండు మానేకొద్దీ కన్నం ఆకారం మారుతుంది కాబట్టి దీని పైభాగంలో మెత్తటి పదార్థం పూసి, మొదట్లో వారం రెండు వారాలకోసారి సర్దుతుంటాం. ఈ దశలో ఓపిక చచ్చిపోతుంది. ఇవాళ బాగుందనుకున్నది పది రోజులకి కారడం మొదలుపెడుతుంది. ప్లేటు పాడయిందనుకోకండి, మీ పుండు మానుతోంది. సంతోషించి అపాయింట్‌మెంటు తీసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ నెలల్లో ప్లేటుని తీసి అల్మారాలో పెట్టకండి. నొప్పిగా ఉందని నాలుగు రోజులు తీసేసినా కండ లాక్కుపోయి మళ్లీ దూరదు. రాత్రిళ్లు కూడా పెట్టుకోమంటే పెట్టుకోవాల్సిందే. మూడు నుంచి ఆరు నెలలకి, రేడియేషనుంటే ఇంకాస్త ఆలస్యంగా, అసలు ప్లేటు కడతాం. దాని ఉబ్బుని లోపల డొల్లగా చేస్తాం, బరువుంటే కిందికి లాగుతుంది కదా. పోయిన పళ్లూ దాని మీదే ఉంటాయి, లోపలికి పోయిన చెంప కాస్త నిండుతుంది.

రెండో దారి సంగతి. కాలిలో పిక్క పక్కన సన్నటి ఎముక ఉంటుంది. బరువు మోసేది దాని పక్కనున్న పెద్ద ఎముక, దీన్ని తీసినా నడవొచ్చు. ఆ సన్నెముకని దాని రక్తనాళాలతో సహా తీసి, ముక్కలుగా కోసి దవడ వంపుకి తగ్గట్టు అమర్చి, ఆ నాళాల్ని మెడలో నాళాలకి మైక్రోస్కోపు కింద కుడతారు. ఎముక అక్కర్లేని చోట ముంజేతి చర్మం తెస్తారు. చిన్న కన్నమైతే బుగ్గలోపలి కొవ్వుతోనో, కణత కండతోనో సరిపెడతారు. పెద్ద ఆపరేషన్లు రోజంతా పడతాయి, తర్వాతి రెండు మూడు రోజులు ఆ నాళాలు మూసుకుపోతాయేమోనని గంటగంటకీ చూస్తుంటారు. చెయ్యి తిరిగిన చోట్ల నూటికి తొంభైకి పైగానే అతుక్కుంటాయి. అతుక్కుంటే ఇక కడుక్కునే బాధ లేదు, జారిపోతుందన్న భయం లేదు. ముంజేతి చర్మంతో పాటు వెంట్రుకలూ వస్తాయి. అంగిట్లో వెంట్రుక మొలిచిందని గాభరాగా ఫోన్ చేసినాయన్ని నేనెరుగుదును. రేడియేషనయితే అవి సాధారణంగా రాలిపోతాయి, లేకపోతే తీయించుకోవచ్చు.

రెంటిలో ఏది మేలని అడుగుతారు. కన్నం అంగిలి సగంలోపే ఉండి, ఆనుకోవడానికి మంచి పళ్లు మిగిలి ఉంటే ప్లేటు తక్కువ కష్టంతో ఎక్కువ ఇస్తుంది. వయసు మీద పడిన వాళ్లకీ, గుండె జబ్బున్న వాళ్లకీ ఇంకా నయం. పైగా ప్లేటు తీస్తే డాక్టరు కంటితోనే లోపల చూడొచ్చు, జబ్బు తిరగబెడితే త్వరగా తెలుస్తుంది. రెండు వైపులా దవడ పోతే, కంటి కింద ఎముక కూడా పోతే, పైన ఒక్క పన్నూ లేకపోతే ప్లేటు దేన్ని పట్టుకుంటుంది? అక్కడ ఎముక తేవాల్సిందే, లేదా చెంప ఎముకలోకి ఇంప్లాంటు దించాలి. మామూలు పంటి ఇంప్లాంటు సెంటీమీటరు అటూఇటూ ఉంటుంది. చెంప ఎముకకి వేసేవి మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు, స్వీడన్‌కి చెందిన బ్రోనెమార్క్ తలపెట్టిన పద్ధతి. టైటానియం లోహాన్ని ఎముక తనలో కలిపేసుకుంటుందని 1950లలో కుందేళ్ల మీద ప్రయోగాల్లో ఆయన కంట పడింది, 1965లో మొదటిసారి మనిషికి పళ్లు అమర్చాడు. బ్లాక్ ఫంగస్‌తో పై దవడ మొత్తం పోయిన చాలామందికి ఈ ఇంప్లాంట్ల మీదే పళ్లు నిలబెట్టారు. వాళ్లకి రెండు షరతులు. ఫంగస్ పూర్తిగా పోయిందని స్కాన్లలో తేలాలి, షుగరు అదుపులో ఉండాలి. తొందరపడి వేయించుకున్న ఇంప్లాంటు ఊడితే, దాంతోపాటు ఉన్న కాస్త ఎముకా పోతుంది.

ఇలా ఒంట్లో ఇంకోచోటి నుంచి తెచ్చి అతికించేదాన్ని ఫ్లాపు అంటారు. అది వేయించుకునే వాళ్లు సర్జనుని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. "దీని కింద పళ్లు కట్టడానికి చోటుంటుందా?" కన్నం మూయాలన్న తొందరలో లావుపాటి కండని నింపేస్తే, అంగిలి కిందికి దిగి నాలుకకి తగులుతుంది, పళ్ల సెట్టుకి జాగా ఉండదు. కన్నం పూడుతుంది గానీ మనిషి జీవితాంతం మెత్తన్నమే తింటాడు. ఇప్పుడు పళ్లెక్కడ రావాలో ముందుగా కంప్యూటరు మీద నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు ఎముకని అమర్చే పద్ధతులొచ్చాయి. ఇల్లు కట్టేటప్పుడు తలుపెక్కడో ముందు అనుకుని గోడ లేపడం లాంటిది.

ఖర్చు గురించి ఒక్క మాట. ఆరోగ్యశ్రీలో గానీ ప్రైవేటు బీమాలో గానీ ఆపరేషనుకి మంజూరైతే, ప్లేటుకీ ఇంప్లాంట్లకీ కూడా వర్తిస్తుందా లేదా విడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ప్లేటు తక్కువ ఖర్చుతో అవుతుంది. పీజీ విద్యార్థులు చేస్తారని జంకకండి. వాళ్లకున్నంత ఓపిక నాకు లేదు.

ఇక ఇంట్లో. మొదట తిండి. గంజి, మజ్జిగ లాంటి పలచనివే తేలిగ్గా దిగుతాయని ఇంట్లో వాళ్లు అవే పోస్తుంటారు. నిజానికి పలచనివే ముందు ముక్కులోకి ఎగబాకుతాయి. చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, మగ్గిన అరటిపండు నయం. ముద్ద చిన్నది, పళ్లున్న వైపు. తల నిటారుగా. అటుకులు, మరమరాలు, సున్నుండల పొడి కొన్నాళ్లు ఆపండి, కన్నంలోకి చేరితే తుమ్ముతో పాటు బయటికి వస్తాయి. వేడి విషయంలో జాగ్రత్త. కాఫీ వేడి చాలావరకు అంగిలే చెబుతుంది, ప్లేటుకి ఆ తెలివి లేదు. గొంతు కాలాక తెలుస్తుంది.

మాట సంగతి. ప్లేటు పెట్టిన రోజే సగం మాట వచ్చేస్తుంది, మిగతా సగానికి సాధన కావాలి. అందుకు పిల్లల బూరలు ఊదించేవాళ్లున్నారు. బూర ఊదితే బూర ఊదడం వస్తుంది. మాటకి మాటే సాధన. "తాతకి కాఫీ పెట్టు" అని గట్టిగా పదిసార్లు అనండి. ఈ వాక్యంలో అనునాసికం ఒక్కటి కూడా లేదు, గాలి ఎక్కడ కారినా దొరికిపోతుంది. ముక్కు కింద చిన్న అద్దం పట్టుకుని అంటే, ఆవిరి పట్టిన చోట ప్లేటు కారుతున్నట్టు. ఆ అద్దం సంగతి నాకు చెబితే ఎక్కడ సర్దాలో నాకు తెలుస్తుంది. దూది, గోడ, బాబాయి, కాకి, ఇలాంటి మాటలు మీరే ఏరుకోండి. స్పీచ్ థెరపిస్టు అందుబాటులో ఉంటే ఇంకా మంచిది.

తిన్న ప్రతిసారీ ప్లేటు తీసి, మెత్తటి బ్రష్షుతో మామూలు సబ్బు పెట్టి కడగండి. పేస్టు గీతలు పెడుతుంది, వేణ్నీళ్లు వంకరచేస్తాయి. కన్నాన్ని గోరువెచ్చటి ఉప్పునీళ్లతో, సూది లేని సిరంజితో కడుక్కోవాలి. లోపల చెక్కు కడితే గోకకండి, నానబెట్టండి. వాసన వస్తోందని సిగ్గుపడి మా దగ్గరికే రాకుండా మానేసేవాళ్లున్నారు. ఆ వాసనకి తొంభై పాళ్లు కడుక్కోకపోవడమే కారణం, ఒక్కోసారి ఫంగస్, దానికి మందుంది. ఎన్నాళ్లుగానో లేని నొప్పి, రక్తం, ప్లేటు ఉన్నట్టుండి బిగుతుగా తగలడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా సర్జను దగ్గరికి అదే వారం వెళ్లండి.

రేడియేషన్ ఉంటే రెండు సంగతులు. నోరు ఎండిపోయి మిగిలిన పళ్లు చకచకా పుచ్చుతాయి, ఫ్లోరైడు జెల్లు రోజూ వాడాలి. రేడియేషన్ తగిలిన ఎముకలోంచి పన్ను పీకితే ఆ పుండు మానకపోవచ్చు. అందుకే పీకాల్సినవి రేడియేషనుకి రెండు మూడు వారాల ముందే పీకేస్తాం. ఆ తర్వాత ఏ ఊళ్లో ఏ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎన్నేళ్లయినా, ఆ మాట ముందు చెప్పాలి. రెండోది, నోరు బిగుసుకుపోతుంది. మధ్య మూడు వేళ్లూ నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, రోజుకి అయిదారుసార్లు, వారానికో పుల్ల పెంచుతూ సాగదీయాలి. నోరు తెరవకపోతే ఎంత మంచి ప్లేటయినా బయటే ఉంటుంది.

ఇన్ని చెప్పినా, మా పేషంట్లు ఎక్కువగా ఓడిపోయేది వీటిలో కాదు, పెళ్లి భోజనాల దగ్గర. ఫ్రాయిడ్ సంగతి తెలుసు కదా, మనసుల్ని చదివిన మహానుభావుడు. చుట్టల మనిషే ఆయనా. 1923లో వియన్నాలో హాన్స్ పిక్లర్ అనే సర్జను ఆయన పై దవడా అంగిలీ కుడివైపున తీసేశాడు. ఆ తర్వాత 1939లో పోయేదాకా పదహారేళ్లు, ముప్పైకి పైగా ఆపరేషన్లు, ఎప్పుడూ ఒరుసుకునే ప్లేటు. ఇంట్లో దాన్ని భూతం అనేవాళ్లు. కూతురు అన్నా సాయం పట్టేది. నలుగురిలో తినడం మానేశాడు. అయినా ఆ ప్లేటుతోనే పుస్తకాలు రాశాడు, పేషంట్లని చూశాడు. 1938 డిసెంబరులో లండన్‌లో బీబీసీ ఆయన గొంతు రికార్డు చేసింది, ఇప్పటికీ వినొచ్చు. మాట కష్టంగా, అరిగినట్టు వస్తుంది, కానీ ప్రతి మాటా తెలుస్తుంది. మూతికి మాస్కేసుకుని వచ్చే కుర్రాళ్లకి నేనది వినిపిస్తాను. చుట్ట మానని విషయంలో మాత్రం ఆయన్ని అనుసరించొద్దని కూడా చెబుతాను.

నలుగురిలో తినడం ఒక్కసారిగా రాదు. మొదట ఇంట్లో ఒక్కరి ఎదుట తినండి, ఆ ఒక్కరూ మీ మూతి కేసి చూడని మనిషై ఉండాలి. తర్వాత ఇద్దరు ముగ్గురు. పెళ్లిలో బంతి చివరి కుర్చీలో, తెలిసిన మనిషి పక్కన. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మీరే ముందు అనేయండి, "దవడకి ఆపరేషనయింది, మాట కాస్త ముక్కులో వస్తుంది" అని. ఆ ఒక్క వాక్యం చెప్పేస్తే ఎదుటివాళ్లు మీ నోటికేసి చూడటం మాని మాట వింటారు. ఇంట్లో వాళ్లకి నా విన్నపం, వాళ్ల మాటని మీరు పూర్తిచెయ్యకండి. అర్థం కాకపోతే మళ్లీ అనమనండి. వాళ్ల బదులు మీరే జవాబు చెప్పేస్తే వాళ్లు మాట్లాడటం మానేస్తారు. సాధన ఆగిందంటే మాట ఇంకా వెనక్కి పోతుంది.

పాత ప్లేటుని పారేయకండి. హోటల్లో చెయ్యి కడుక్కుంటూ ప్లేటుని కాగితంలో చుట్టి బల్ల మీద పెడితే, సర్వరు ఎంగిలాకుతో పాటు ఎత్తుకుపోయాడు ఒకాయనది. మూడు చెత్త డబ్బాలు వెతికాం. ప్రయాణాల్లో మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో కాసిని నీళ్లు, చేతిసంచిలో పాత ప్లేటు. ఆరునెలలకోసారి చూపించుకోండి. ప్లేటు మూడు నాలుగేళ్లకి మార్చాల్సి వస్తుంది, ఒక్కోసారి ముందే.

ఆ పెద్దావిడ మొన్న వేసవిలో వచ్చింది, ఆపరేషనయి ఇప్పటికి ఆరేళ్లు. ఈసారి కోడలు రాలేదు, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి ప్లేటు నా చేతిలో పెట్టింది, మధ్యకి పగిలి రెండు ముక్కలయి ఉంది. జంతికలు కొరికావా అమ్మా అంటే, లేదని తలూపింది. పాత ప్లేటు సంచిలోంచి తీసి పెట్టుకుని, నోరు సర్దుకుని అప్పుడు చెప్పింది.

"జీడిగింజ కొరికినాను బాబూ. మా తోటలోయే. గుప్పెడు నీకూ తెచ్చినాను, బల్ల మీద పెట్టినాను సూడు."